సిరామిక్ గ్రిల్‌కి మంచి బొగ్గు ఎంచుకోవడం ఎలా?

"అన్నా, గ్రిల్ కొన్నాం. బొగ్గు ఏ బ్రాండ్ తెచ్చుకోమంటావ్?" ఏప్రిల్ వచ్చిందంటే చాలు, మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఈ ప్రశ్న మొదలవుతుంది. నేనుండేది అట్లాంటాకి ఉత్తరాన, కమ్మింగ్‌లో. గుడ్డు ఆకారంలో ఉండే ఈ సిరామిక్ గ్రిల్ ఒక రకంగా ఇక్కడి సరుకే. జపాన్‌లో అన్నం వండుకునే ముషికమాడో అనే మట్టి పొయ్యిని, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ పనిచేసిన అమెరికన్ సైనికులు ముచ్చటపడి ఇళ్ళకు తెచ్చుకున్నారు. 1974లో ఎడ్ ఫిషర్ అట్లాంటాలో బిగ్ గ్రీన్ ఎగ్ కంపెనీ పెట్టారు. ఆ తర్వాత వచ్చిన ప్రిమో, కమాడో జో కూడా జార్జియాలో పుట్టినవే. అందుకే మా చుట్టుపక్కల ఏ హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళినా బొగ్గు సంచులు వరసగా పేర్చి ఉంటాయి, కొత్తవాళ్ళకి ఏది తీసుకోవాలో తోచదు.

ఒక పేరు చెప్పి ఊరుకోవచ్చు. కానీ బొగ్గు ఫ్యాక్టరీలో కొలత ప్రకారం తయారయ్యే బిస్కెట్ ప్యాకెట్ కాదు. ఈ నెల వచ్చిన సంచిలో పెద్ద ముక్కలుంటాయి, వచ్చే నెల అదే పేరుతో వచ్చిన సంచిలో సగం నుసి ఉంటుంది. చెట్టు, బట్టీ, లారీలో పడ్డ దెబ్బలు, అన్నీ కలిసి సంచి నాణ్యతని తేలుస్తాయి. కాబట్టి బొగ్గుని చూసి, పట్టుకుని, వాసన చూసి గుర్తుపట్టడం నేర్చుకుంటే ఏ ఊళ్ళో ఉన్నా ఇబ్బంది ఉండదు. నా దృష్టిలో ముఖ్యమైనవి రెండే: గాలికి దారి, పొగ శుభ్రత. మిగతావన్నీ ఈ రెండింటి కిందికే వస్తాయి.

ఈ గ్రిల్‌లో బొగ్గుకి ఎందుకంత ప్రాముఖ్యం

సిరామిక్ గోడలు మందంగా ఉంటాయి. ఒకసారి వేడెక్కితే ఆ వేడిని బయటికి పోనివ్వవు. అందుకని లోపల కొద్దిపాటి నిప్పు ఉన్నా సరిపోతుంది. కొద్దిపాటి నిప్పుకి కొద్దిపాటి గాలే కావాలి. నెమ్మదిగా వండేటప్పుడు కింది తలుపు ఒక వేలు మందం తెరుస్తాం, పైన సన్నని సందు వదులుతాం. ఆ కాస్త గాలీ బొగ్గు కింద ఉండే జాలీ రంధ్రాల్లోంచి పైకి వచ్చి, బొగ్గుల మధ్య సందుల్లోంచి దూరి వెళ్ళాలి. ఆ సందులు నుసితోనో బూడిదతోనో పూడుకుపోతే ఇక మనం కిందా పైనా ఎంత తెరిచినా లాభం లేదు.

పొగ సంగతీ అంతే. తెరిచి ఉన్న మామూలు గ్రిల్‌లో ఒక ముక్క సరిగ్గా కాలక పొగ వదిలినా గాలికి కొట్టుకుపోతుంది. ఇక్కడ మూత వేసి ఉంటుంది. ఆ పొగ మాంసం చుట్టూ తిరిగి, దానికి పట్టి, అప్పుడు బయటికి పోతుంది. వేరే గ్రిల్‌లో నడిచిపోయే నాసిరకం బొగ్గు ఇందులో చేదుగా తేలేది అందుకే.

కట్టెబొగ్గా, బ్రికెట్లా?

దీని మీద ఎక్కువ చర్చ అక్కర్లేదు. కట్టెని గాలి తగలకుండా కాల్చగా మిగిలేది కట్టెబొగ్గు. ఇక్కడ లంప్ చార్‌కోల్ అంటారు. బొగ్గుపొడిని గంజి లాంటి బంకతో కలిపి అచ్చు పోసింది బ్రికెట్. దీని డిజైన్ మీద ఎల్స్‌వర్త్ జ్వోయర్ 1897లో పేటెంట్ తీసుకున్నారు. 1920ల్లో హెన్రీ ఫోర్డ్ కార్ల తయారీలో మిగిలిన చెక్క వ్యర్థాలతో మిషిగన్‌లో పెద్ద ఎత్తున చేయించడంతో అమెరికా పెరళ్ళన్నిటికీ పాకింది. కింగ్స్‌ఫర్డ్ అనే బ్రికెట్ బ్రాండ్ కథ అక్కడ మొదలైందే. ముక్కలన్నీ ఒకే సైజు కాబట్టి మామూలు గ్రిల్‌కి బ్రికెట్ మంచిదే.

సిరామిక్ గ్రిల్‌కి మాత్రం దాని బూడిదే సమస్య. బంక, సున్నపురాయి పొడి, కొన్నిట్లో రాక్షసి బొగ్గు పొడి కూడా కలుపుతారు. కట్టెబొగ్గుతో పోలిస్తే బూడిద చాలా ఎక్కువ వస్తుంది. ఎనిమిది గంటలు వండాలనుకున్న మాంసానికి నాలుగో గంటలోనే కింది దారి మూసుకుపోయి నిప్పు చల్లారిపోతుంది. ఈ గ్రిల్స్ తయారుచేసే కంపెనీలు కూడా కట్టెబొగ్గే వాడమంటాయి.

అగ్గిపుల్ల గీయగానే అంటుకుంటుందని అమ్మే రకం బ్రికెట్లని ఈ గ్రిల్‌లో ఎప్పుడూ పోయకండి. వాటికి ముందే పెట్రోలియం ద్రవం పట్టించి ఉంటుంది. సీసాలో అమ్మే లైటర్ ఫ్లూయిడ్ కూడా వద్దు. సిరామిక్‌లో సన్నని రంధ్రాలుంటాయి, ఆ వాసన పీల్చుకుంటే తర్వాత వండిన ప్రతిదానికీ అంటుతుంది.

ముక్క సైజు, నుసి

చాలామంది సంచి మీద ఏ చెట్టు పేరుందో చూస్తారు. నేను ముందు చూసేది సైజు.

మామూలు 18 అంగుళాల గ్రిల్‌కి ఎక్కువ ముక్కలు పిడికిలంత ఉండాలి. వాటితోపాటు చిన్న కొబ్బరికాయంత ముక్కలు కొన్ని ఉంటే ఇంకా మంచిది. బల్ల మీద పెట్టుకునే చిన్న గ్రిల్‌కి నిమ్మకాయ సైజు నుంచి పిడికిలి దాకా చాలు. పెద్ద ముక్కలుంటే మంచి బొగ్గని, ఎంత పెద్దవైతే అంత మంచిదని కొందరు అనుకుంటారు. అన్నీ పెద్ద దుంగలే అయితే ఒకదానికొకటి తగలవు, మధ్యలో ఖాళీలు ఎక్కువైపోతాయి. ఒక ముక్క నుంచి పక్క ముక్కకి నిప్పు పాకదు. తక్కువ మంట మీద వండేటప్పుడు ఒక మూల రగిలి అక్కడే ఆగిపోతుంది. పెద్దవీ మధ్యరకానివీ కలిసి ఉన్న సంచే నాకిష్టం.

ఇక నుసి. ప్రతి సంచి అడుగునా కొంత ఉంటుంది, అది తప్పదు. నా లెక్క ఏమిటంటే, సంచిలో ఐదో వంతు కంటే ఎక్కువ బఠాణీ గింజంత ముక్కలూ పొడీ ఉంటే ఆ రకం మళ్ళీ కొనను. అది తెలియాలంటే సంచిని తిన్నగా గ్రిల్‌లోకి వంచేయకూడదు. మొదటిసారి కొన్న సంచినైతే పెరట్లో పాత టార్పాలిన్ మీద మొత్తం గుమ్మరిస్తాను. పెద్దవి ఒక పక్క, మధ్యరకం ఒక పక్క, నుసి ఒక పక్క తీస్తాను. పదినిమిషాల పని. ఆ సంచి గురించి తెలియాల్సిందంతా అప్పుడే తెలిసిపోతుంది.

పేర్చేటప్పుడు జాలీ రంధ్రాల మీద పెద్ద ముక్కలు, వాటి మీద మధ్యరకం, పైన చిన్నవి. చేత్తో పేర్చాలి. చేతులు మసి అవుతాయని సంచిని కుమ్మరించేస్తే ముందు పడేది నుసే, అది వెళ్ళి రంధ్రాల్లో కూర్చుంటుంది. మాంసం త్వరగా కాల్చి తీసే రోజున నుసి పైన రెండు గుప్పిళ్ళు చల్లినా నష్టం లేదు. రాత్రంతా వండే రోజున ఒక్క చారెడు కూడా వద్దు. మిగిలిన నుసిని నేను కరివేపాకు కుండీ మట్టిలో కొద్దికొద్దిగా కలుపుతాను. బూడిద మాత్రం ఆ కుండీలో వేయకండి, క్షారం ఎక్కువై ఆకు పసుపుపచ్చగా మారుతుంది.

షాపులో సంచి విప్పి చూడలేం కదా అంటారా? చేత్తో చూడవచ్చు. కాగితపు సంచి మీద నుంచి నొక్కితే ముక్కల సైజు తెలుస్తుంది. అడుగు మూలలు పట్టుకుని పిండి చూడండి, ఇసుక మూటలా మెత్తగా తగిలితే అక్కడ ఉన్నదంతా నుసే. సంచిని కాస్త ఒరిగించి వినండి. పెద్ద ముక్కలైతే లోపల గలగలమని దొర్లుతాయి, నుసైతే సరసరమని జారుతుంది. దొంతరలో అడుగున ఉన్న సంచి పైవాటి బరువుకి నలిగి ఉంటుంది, పైది తీసుకోండి. కాగితం మీద తడి మరక ఉంటే వదిలేయండి. కొన్నాక కారు డిక్కీలోకి విసరకుండా పడుకోబెట్టండి, బొగ్గు పెళుసు.

బట్టీలో ఎంత కాలింది

మాది ప్రకాశం జిల్లా. మా వైపు చిల్లచెట్టు అంటాం, మిగతాచోట్ల సర్కారు తుమ్మ అంటారు. ఆ కంప కొట్టి, మట్టి కప్పి, బొగ్గు కాల్చే బట్టీలు చూస్తూ పెరిగాను. అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు నా బొగ్గు సంచిలోంచి రెండు ముక్కలు తీసి ఒకదానికొకటి కొట్టి చూసింది. "ఖంగుమంటే కాలినట్టు, టప్పుమంటే ఇంకా కట్టే" అంది. కుంపటి మీద పాలు కాచిన చెయ్యి అది. ఇంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు.

ఎందుకలా అంటే, బట్టీలో వేడెక్కేకొద్దీ కట్టెలోంచి ముందు నీళ్ళు పోతాయి, తర్వాత తారు లాంటి జిడ్డు ఆవిర్లు పోతాయి. చివరికి మిగిలేది దాదాపు కర్బనమే. పూర్తిగా కాలిన ముక్క తేలిగ్గా, గట్టిగా ఉంటుంది. విరిచిన చోట నల్లగా మెరుస్తుంది. అర్ధంతరంగా దించేసిన ముక్క గోధుమరంగులో ఉంటుంది, సైజుకి మించిన బరువుంటుంది, విరిస్తే పీచు కనిపిస్తుంది. అలాంటి ముక్క నిప్పులో పడితే చిక్కటి తెల్లపొగ వదులుతుంది. సంచిలో ఒకటి రెండు వస్తే తీసి పక్కన పెట్టండి. చాలా వస్తే ఆ సంచిని కంకులు కాల్చుకోవడానికి వాడేయండి, మూత వేసి వండే వంటకి వద్దు.

తక్కువ వేడి మీద కాల్చిన బొగ్గు తొందరగా అంటుకుంటుంది, పొగ ఎక్కువ. బాగా ఎక్కువ వేడి మీద కాల్చింది అంటుకోవడానికి మొండికేస్తుంది, కానీ అంటుకున్నాక పొగే ఉండదు. ఈ రెండో కోవలో చివరిమెట్టు జపాన్ బింఛోటాన్. వకయామా ప్రాంతంలో ఉబామే అనే ఒక రకం ఓక్‌ని బట్టీలో ఆఖర్న 1000 డిగ్రీల సెల్సియస్ దాటించి, బయటికి లాగి, తడి బూడిదా ఇసుకా కప్పి ఆర్పుతారు. తెల్లటి నివురు పట్టి ఉంటుంది. రెండు ముక్కలు తాకిస్తే లోహం మోగినట్టు మోగుతుంది. తెరిచిన చిన్న పొయ్యి మీద పుల్లలకు గుచ్చిన కోడిముక్కలు కాల్చడానికి దానికి సాటి లేదు. మన గ్రిల్‌కి మాత్రం నేను కొనమని చెప్పను. ఖరీదు చాలా ఎక్కువ, పైగా తక్కువ గాలిలో అది రగలడమే కష్టం.

సంచి విప్పగానే వెతకాల్సినవి ఇంకో రెండున్నాయి. ఒకటి రాళ్ళు. బట్టీ దగ్గర పారలతో ఎత్తేటప్పుడు వచ్చేస్తాయి. ఎర్రటి నిప్పులో రాయి పగిలి ఎగిరే ప్రమాదం ఉంది, పైగా అది మీరు డబ్బిచ్చి కొన్న బరువు. రెండోది తిన్నటి అంచులతో, అన్నీ ఒకే మందంలో ఉండే ముక్కలు. అవి ఫ్లోరింగ్, ఫర్నిచర్ ఫ్యాక్టరీల్లో మిగిలిన చెక్కలు. శుద్ధమైన చెక్కే అయితే ప్రమాదం లేదు, కాకపోతే పలచగా ఉండి తొందరగా కాలిపోతాయి. పొరలు పొరలుగా ప్లైవుడ్ లాగానో, జిగురు, రంగు ఆనవాళ్ళతోనో కనిపిస్తే తీసి చెత్తలో వేయండి. ఒకసారి నాకొచ్చిన సంచిలో మేకు దిగి ఉన్న చెక్క కూడా కనిపించింది. ఆ సంచి వెనక్కిచ్చేశాను, వాళ్ళు మాట్లాడకుండా తీసుకున్నారు.

ఏ చెట్టు

ముందు ఒక మాట. బాగా కాలిన బొగ్గులో చెట్టు వాసన చాలావరకు పోతుంది. హికరీ అనే చెట్టు బొగ్గు వాడితే కూరకి హికరీ పొగ వస్తుందని ఆశపడకండి. పొగ రుచి కావాలంటే ఎండు కట్టెముక్కలు రెండో మూడో విడిగా వేసుకోవాలి. కోడికి ఆపిల్ కట్టె, మేకమాంసానికి ఓక్ నాకు నచ్చుతాయి. బొగ్గు ఎంపికలో చెట్టు చెప్పేది ఎంతసేపు కాలుతుంది, ఎంత వేడి ఇస్తుంది, ఎంత చిటపటలాడుతుంది అన్నవి.

ఓక్, హికరీ, మేపుల్ కలిపిన అమెరికన్ బొగ్గు అన్నిటికీ పనికొస్తుంది. మిస్సోరీలోని ఓజార్క్ కొండల వైపు ఈ బట్టీలు ఎప్పటినుంచో ఉన్నాయి. తొందరగా అంటుకుంటుంది, వాసన సాత్వికంగా ఉంటుంది, వేడిని అదుపులో పెట్టడం తేలిక. కొత్తగా గ్రిల్ కొన్నవాళ్ళు దీనితో మొదలుపెట్టండి.

పరాగ్వే, అర్జెంటీనాల నుంచి వచ్చే కెబ్రాచో బొగ్గు బాగా బరువు. ఆ కట్టె నీళ్ళలో వేస్తే మునిగిపోతుంది, అంత గట్టిది. అంటుకోవడానికి ఓపిక పట్టాలి. అంటుకున్నాక ఎక్కువసేపు నిలుస్తుంది, వేడి కూడా బాగా ఎక్కువ ఇస్తుంది. నాన్‌లకి, పిజ్జాకి నేను దీన్నే పోస్తాను.

మెస్కీట్ టెక్సస్, మెక్సికోల చెట్టు. మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టం, ఒకే ప్రజాతి మొక్కలు. మన ఊరి బొగ్గు గుణాలే దీనికీ ఉన్నాయి: మంచి వేడి, కానీ నిప్పురవ్వలు ఎగరేస్తుంది. తెరిచి కాల్చే కబాబ్‌లకి చక్కగా ఉంటుంది. గంటలతరబడి మూతపెట్టి వండితే ఘాటు ఎక్కువవుతుంది. పిల్లలు చుట్టూ తిరుగుతుంటే ఈ బొగ్గు వద్దు.

కొబ్బరిచిప్ప బొగ్గు శుభ్రంగా, చాలా వేడిగా కాలుతుంది. చిప్ప పెంకులు విడిగా పోస్తే ఒకదానిలో ఒకటి ఒదిగి గాలిదారి మూసేస్తాయి. అచ్చు పోసి మధ్యలో రంధ్రం వదిలిన దిమ్మెలైతే తక్కువసేపు పట్టే వంటలకి బాగుంటాయి.

వంటని బట్టి

రాత్రంతా ఉంచే బ్రిస్కెట్‌కో (గొడ్డు రొమ్ము మాంసం), నాలుగైదు గంటలు పట్టే మేకతొడకో 225 నుంచి 250 ఫారెన్‌హీట్, అంటే 107 నుంచి 121 సెల్సియస్ చాలు. ఓక్ బొగ్గు, పెద్దవీ మధ్యరకానివీ కలిపి బొగ్గు పోసే లోపలి గిన్నె నిండా పేర్చండి. కాలేది కొంతే, మిగతాది మళ్ళీ పనికొస్తుంది కాబట్టి నిండా పోయడం వృథా కాదు. పైన ఒక్కచోటే అంటించండి. నిప్పు అక్కణ్ణుంచి నెమ్మదిగా పక్కకీ కిందికీ పాకుతుంది. నుసి లేకుండా చూసుకోవాల్సింది ముఖ్యంగా ఈ వంటకే.

తందూరీ చికెన్, కబాబ్‌లకి 450 నుంచి 500 ఫారెన్‌హీట్ కావాలి. మధ్యరకం ముక్కలు, క్రితంసారి మిగిలినవి కలిపినా సరే. నాన్‌కి ఇంకా పైకి, 600 దాకా తీసుకెళ్ళాలి. అప్పుడు కొత్త బొగ్గే పోయండి, అదీ పెద్ద ముక్కలు. కింద గాలి ధారాళంగా రావాలి. ఇంత వేడి మీద ఉన్నప్పుడు మూత ఒక్కసారిగా ఎత్తకూడదు. రెండంగుళాలు ఎత్తి, కొన్ని క్షణాలు ఆగి, అప్పుడు పూర్తిగా ఎత్తాలి. లేకపోతే గాలి ఒక్కసారి లోపలికి దూసుకెళ్ళి మంట మొహం మీదికి ఎగుస్తుంది.

దమ్ బిర్యానీకి ఖరీదైన బొగ్గు అక్కర్లేదు. వేడిని అడ్డుకునే సిరామిక్ పలక పెట్టి, 325 దగ్గర నిలిపి, పిండితో మూత అతికించిన గిన్నె పెడతాం. పొగ లోపలికే పోదు. పాత సంచుల్లో మిగిలినవన్నీ ఈ రోజు తీసి వాడేయండి. పొగ వాసన తగలాలనుకుంటే ఆఖరి పది నిమిషాలు మూత తీసి ఉంచండి, అప్పుడు నిప్పు శుభ్రంగా ఉంటే చాలు.

కొత్త రకం సంచి తెచ్చిన రోజు నేను వండేది వంకాయ. నాలుగు గుప్పిళ్ళ బొగ్గు అంటించి, పొగ తగ్గేదాకా ఆగి, గుండ్రటి పెద్ద వంకాయని తిన్నగా నిప్పుల మీద పెడతాను. తోలు నల్లబడి పగిలాక తీసి, వలిచి, ఉప్పు మాత్రమే వేసి మెదిపి నాలుక మీద పెట్టుకుంటాను. వంకాయ ఏ వాసననైనా పట్టేస్తుంది. తియ్యగా, పొగ కమ్మగా తగిలితే ఆ బొగ్గు మీద దేన్నైనా వండవచ్చు. గొంతులో చేదో, తారు వాసనో తగిలితే ఆ సంచి మూతపెట్టి వండే వంటలకి పనికిరాదు. పరీక్ష అయ్యాక పచ్చిమిర్చి, చింతపండు వేసి నూరితే ఆ పూటకి పచ్చడి.

అంటించడం, మిగిలింది దాచడం

మైనం పట్టించిన రంపపుపొట్టు ఉండలతోనో, ఎలక్ట్రిక్ లైటర్‌తోనో అంటించండి. మొదట వచ్చే చిక్కటి తెల్లపొగలో మాంసం పెట్టకండి. మంచి బొగ్గుకైనా ఆ పొగ వస్తుంది. ఇరవై నిమిషాల నుంచి అరగంట దాకా ఆగితే పలచబడి, కనీకనిపించనంత నీలంగా మారుతుంది. పై సందు దగ్గర పొగని చేత్తో మీ వైపు విసిరి వాసన చూడండి. కళ్ళు మండితే ఇంకా ఆగాలి. అరగంట దాటినా కళ్ళు మండుతుంటే తప్పు బొగ్గుదే.

వంట అయ్యాక కిందా పైనా పూర్తిగా మూసేయండి. గాలందక నిప్పు ఆరిపోతుంది, మిగిలిన బొగ్గు అలాగే నిలుస్తుంది. తర్వాతిసారి పుల్లతో కదిపితే బూడిద రాలిపోతుంది. మంచి బొగ్గు ఖరీదెక్కువ అనిపించేవాళ్ళు ఈ మిగులు కూడా లెక్కలోకి తీసుకోవాలి. నాసిరకం ఒకసారికే నుసైపోతుంది. సంచుల బరువులు వేర్వేరుగా ఉంటాయి, 8.8 పౌండ్లవీ 20 పౌండ్లవీ పక్కపక్కనే పెట్టి అమ్ముతారు. సంచి ధర చూడకుండా పౌండు ధర లెక్కేసుకోండి.

బొగ్గు గాలిలో తేమ పీల్చుకుంటుంది. జార్జియా ఎండాకాలం ఉక్కలో సంచిని డెక్ మీద వదిలేస్తే నెల తిరిగేసరికి మెత్తబడుతుంది. అంటుకోదు, అంటుకుంటే చిటపటలాడుతుంది. మూత ఉన్న డబ్బాలో గరాజ్‌లో పెట్టండి. బూడిదని మాత్రం పూర్తిగా చల్లారాకే తీసి ఇనప బకెట్‌లో వేయండి, నివురు కింద నిప్పు మర్నాటి దాకా ఉండవచ్చు. వాన పడుతోందని గ్రిల్‌ని గరాజ్‌లోకి తోసి వండకండి. తలుపు తెరిచి ఉంచినా వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో బొగ్గు గ్రిల్స్‌ని చాలాచోట్ల ఒప్పుకోరు, లీజు చదువుకోండి.

హైదరాబాద్, విజయవాడల్లో ఈ గ్రిల్ తెప్పించుకున్నవాళ్ళకి దిగుమతి బొగ్గు అవసరం లేదు. తందూర్ ఉన్న హోటళ్ళకి బొగ్గు వేసే దుకాణాల్లో సర్కారు తుమ్మ బొగ్గు దొరుకుతుంది. బస్తా మొత్తం ఒకేసారి కొనకుండా ముందు ఐదు కిలోలు తూయించుకోండి. మట్టీ, సగం కాలినవీ ఎక్కువగా వస్తాయి కాబట్టి ఏరుకోవాలి, కొట్టి చూసుకోవాలి. తడి బొగ్గు తూకం పెంచుతుంది, అందుకని ఎండాకాలంలో కొని ఒకరోజు ఎండబెట్టి దాచుకుంటే మంచిది. రవ్వలు ఎగురుతాయి, మూత తీసేటప్పుడు జాగ్రత్త.

ఇంత చెప్పినా పేరు చెప్పమనేవాళ్ళకి నేను చెప్పేది ఇది. మొదటి సంచిగా ఓక్, హికరీ కలిసిన రాక్‌వుడ్ గానీ రాయల్ ఓక్ గానీ తెచ్చుకోండి. ఎక్కువ వేడి వంటలకి కెబ్రాచోతో చేసే జెలస్ డెవిల్. పెద్ద గ్రిల్‌లో రాత్రంతా వండేవాళ్ళు కమాడో జో వాళ్ళ బిగ్ బ్లాక్ కూడా చూడవచ్చు. ఏ రెండు తెచ్చినా ముందు చిన్న సంచులే తెచ్చి, ఒకే వంట రెండిటి మీదా వండి చూడండి. నచ్చిన దాన్ని జులై 4కి ముందు షాపుల్లో ధర తగ్గించినప్పుడు ఏడాదికి సరిపడా కొని పెట్టుకోండి. డబ్బాలో పొడిగా ఉంటే వచ్చే ఎండాకాలానికి కూడా అది అలాగే ఖంగుమంటుంది.